బుష్‌కు పూసిన పసుపు

"గీ బుష్ సక్కగ కూసుంటెనే రేపు పనికి రా ఉస్తాద్. కూసోలేదనుకో, ఇగ నువ్వు ఇంటికాడ కూసో."

సేటు ఈ మాట నవ్వుతూ అన్నాడు. ఆయన చెడ్డ మాటలన్నీ నవ్వుతూనే అంటాడు. నేను లేత్ పక్కన నిలబడి గుడ్డపీలికతో చేతులు తుడుచుకుంటున్నాను.  ఉస్తాద్ కుడి చేతిని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని "సరె సేట్" అన్నాడు. ఎందుకు పట్టుకున్నాడో నాకు తెలుసు, సేటుకూ తెలుసు. ఆ చెయ్యి వణుకుతుంది.

మా వర్క్‌షాపు శ్రీరాంపూర్ బొగ్గు గనుల దారిలో ఉంది. పొద్దున వేసుకున్న చొక్కా ఏ రంగుదో మధ్యాహ్నానికి మనకే గుర్తుండదు, అంత దుమ్ము. పెద్ద పెద్ద యంత్రాల ముక్కలు మా దగ్గరికి వస్తాయి. అరిగినవి తీసేసి కొత్తవి కూర్చి పంపుతాం. ఉస్తాద్ అక్కడ హెడ్ ఫిట్టర్. నా చేతికి మొదటిసారి ఆకురాయి ఇచ్చింది ఆయనే. నేను గల్ఫ్‌లో నాలుగేళ్లు పైపుల యార్డులో చేసి తిరిగొస్తే, "పోరడు పని మర్వలే సేట్" అని నన్ను మళ్లీ పెట్టించింది కూడా ఆయనే. ఆ ఏడు వానాకాలంలో ఆయన చేతిలో ఒక బుష్ సగం దాకా దిగి వంకరగా బిగుసుకుపోయింది. దాన్ని కోసి తీసేసరికి మిగతా సామాను కూడా పనికిరాకుండా పోయింది. అప్పటి నుంచి సేటు కన్ను ఆయన చేతుల మీదే ఉంది.

అబద్ధమెందుకు, ఆయన పోతే ఆ జాగా నాదే. అది మా ఇద్దరికీ తెలుసు. ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ రోజు వచ్చిన పని ధర్మపురి వైపుది. గోదావరి నుంచి పొలాలకు నీళ్లెత్తే పంపు చెడిపోయింది. వరి పొట్టకొచ్చి ఉంది. నాలుగు రోజులు నీళ్లందకపోతే కోతకు తాలే మిగులుతుంది. పంపు చూసుకునే ఇంజనీరు సారు గంటకోసారి ఫోన్ చేస్తున్నాడు. సాయంత్రానికల్లా వచ్చి తీసుకుపోతానంటున్నాడు.

బుష్ అంటే మందపాటి కంచు గొట్టం ముక్క. పంపు ఇరుసు దాని లోపల తిరుగుతుంది. ఆ బుష్ ఒక ఇనుప గూటిలో కదలకుండా బిగుసుకుని ఉండాలి కాబట్టి, గూటి రంధ్రం కంటే వెంట్రుకంత లావుగా దాన్ని తయారుచేస్తాం. మామూలుగా అయితే గూటిని మంటతో వేడిచేస్తాం. గూడు కొంచెం విచ్చుకుంటుంది, బుష్ దిగుతుంది, చల్లారాక పట్టేసుకుంటుంది. ఈ గూడు ముందే చీలి వెల్డింగ్ పడింది. మంట చూపిస్తే మళ్లీ పగులుతుంది. సుత్తితో కొట్టి దింపితే కంచు గీరుకుపోతుంది. ఇక మిగిలింది ఒక్కటే దారి, బుష్‌ను గడ్డకట్టే చలిలో పెట్టి సన్నం చేయడం. దానికి ఐసు ఏ మూలకూ చాలదు. ద్రవ నైట్రోజన్ కావాలి.

మా దిక్కు ద్రవ నైట్రోజన్ అంటే పశువుల డాక్టర్లే గుర్తొస్తారు. మేలుజాతి దున్నల బీజాన్ని వాళ్లు ఆ చలిలోనే దాచిపెడతారు. సేటు కరీంనగర్‌లో ఎవరినో పట్టుకుని ఒకే ఒక్క క్యాన్ తెప్పించాడు. ఇంకోటి రావాలంటే నాలుగు రోజులట. ఆ ఒక్క క్యాన్‌తో బుష్‌ను ముంచే తొట్టి నిండదు. ముంచొద్దు, పిచికారీ చేద్దాం అన్నది నేను. రాగి గొట్టాన్ని గాజులా వంచి, చుట్టూ సన్నటి బెజ్జాలు వేశాను. దాన్ని బుష్ లోపలికి దింపి క్యాన్ నుంచి ద్రవం వదిలితే లోపలి గోడ మీద చుట్టూ పడుతుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అప్పటికి దసరా పోయి వారం. మా యంత్రాల మీద ఆయుధపూజ బొట్లు ఇంకా చెరగలేదు. మాది మిషన్ చర్చి కుటుంబం. పూజప్పుడు నేను పక్కకు నిలబడతాను, కొబ్బరి ముక్కలు మాత్రం అందరికంటే ముందు అందుకుంటాను. దాని గురించి ఎవరికీ ఏ పట్టింపూ లేదు. ఉస్తాద్‌కు ఇంకో అలవాటు కూడా ఉంది. దసరా ఉన్నా లేకున్నా, ఏ కొత్త ముక్కను యంత్రంలోకి దింపినా, పసుపు తడిపి దాని లోపలి వైపు మూడు వేళ్లతో మూడు గీతలు గీస్తాడు. "అత్తగారింటికి పోతున్నది, పసుపు లేకుంట ఎట్ల తోలుదాం?" అంటాడు. ఎన్నేళ్లుగానో చూస్తున్నదే.

ఆ రోజు మాత్రం నాకు ఒళ్లు మండింది. అప్పుడే బుష్‌ను తళతళలాడేట్టు తుడిచి బల్ల మీద పెట్టి అటు తిరిగానో లేదో, ఆయన గీతలు గీసేశాడు.

"ఏం జేస్తున్నవ్ ఉస్తాద్? గిది పెండ్లిపిల్లనా? లోపట అద్దం లెక్క ఉండాలె, గప్పుడే చలి పడుతది! గిసొంటి ఏషాలతోనే గద మొన్నటిది వంకరబోయింది!"

మొన్నటి దానికీ పసుపుకూ ఏ సంబంధమూ లేదు. అది నాకు తెలుసు. నోరు జారాక తెలిసి ఏం లాభం. అవతల గ్రైండింగ్ చేస్తున్న ఇద్దరూ మిషన్ ఆపి మరీ చూశారు. ఉస్తాద్ ముఖం నల్లబడింది. వేళ్లకు ఉన్న పసుపును లుంగీకి తుడుచుకుని పక్కకు జరిగాడు. నేను థిన్నర్ గుడ్డతో లోపలంతా రుద్దాను. లేత్ కోసిన సన్నటి చాళ్లలో పసుపు ఇరుక్కుని కొంత అట్లాగే ఉండిపోయింది. తొందరలో వదిలేశాను.

గ్రైండింగ్ వాళ్లిద్దరూ ఆ పూటకు ఇళ్లకు పోయాక పిచికారీ మొదలుపెట్టాం. తెల్లటి పొగ బల్ల అంచు మీదుగా పారి కాళ్ల దాకా వచ్చింది. మొదట్లో బాగానే ఉందనుకున్నాను. తొంగి చూశాను. ద్రవం లోపలి గోడకు అంటడం లేదు. కాలిన పెనం మీద నీళ్లు చిలకరిస్తే చుక్కలు గోళీల్లా ఉరుకుతాయి కదా, అట్లా ఉరుకుతున్నాయి. మన చేతికి చల్లగా తగిలే కంచు ఆ ద్రవానికి కాలిన పెనమే. చుక్క తాకీ తాకకముందే దాని కింద ఆవిరి పొర పుట్టి చుక్కను పైకి లేపుతోంది. చలి లోహంలోకి దిగకుండానే ద్రవమంతా కిందికి జారి పొగై పోతోంది. నేను అద్దంలా తుడిచిన గోడ మీద అవి ఇంకా హాయిగా జారుతున్నాయి.

కొలత పట్టాను. సన్నబడాల్సినంతలో పావు వంతు కూడా సన్నబడలేదు. క్యాన్‌లోకి చెక్కపుల్ల దింపి తీశాను. పుల్ల మీద మంచు పట్టినంత మేర ద్రవం ఉన్నట్టు లెక్క. సగానికి వచ్చింది. మిగిలిన సగం కూడా ఇట్లాగే పొగైపోతే పంపు లేదు, వరి లేదు, రేపటి నుంచి ఉస్తాద్ లేడు. 

"జర ఆపు" అన్నాడు ఉస్తాద్ వెనక నుంచి.

"ఏందాపేది? నువ్వు జర సప్పుడు జెయ్యకుంట ఉండరాదు?"

"గా సప్పుడే ఇను అంటున్న. మూడు కాడ్ల వేరే తీర్గ వస్తుంది."

నాకు ఏమీ వినబడలేదు. ఆయనకు వినబడుతుంది. యంత్రం తిరుగుతుంటే స్క్రూ డ్రైవర్ ఒక కొస దానికి, ఇంకో కొస చెవికి ఆనించి ఏ బేరింగ్ పోయిందో చెప్పే మనిషి ఆయన. పిచికారీ తగ్గించి తల వంచాను. అప్పుడు విన్నాను. చుక్కలు చప్పుడు లేకుండా జారుతున్నాయి గానీ, మూడు సన్నటి గీతల మీద మాత్రం చిట్ చిట్ మంటూ అతుక్కుని మరుగుతున్నాయి. అవి ఆయన వేళ్ల గీతలు.

"పసుపు ఉన్నకాడ సుక్క జారుతలేదు. పట్టుకుంటుంది" అన్నాడు ఆయన. "లోపటంత పూద్దామా? బయట వద్దు. గూడుల బిగుసుకునేది బయటి దిక్కే గద. లోపటిది ఎన్క తుడుసుకోవచ్చు."

నేను వెంటనే ఒప్పుకోలేదు. పూయాలంటే బుష్‌ను ఎండలో పెట్టి మంచు కరిగించాలి. తడి పసుపు మంచు మీద నిలవదు. సగం క్యాన్ పెట్టి ఎక్కించిన ఆ కాస్త చలి కూడా ఎండపాలు. పైగా చలి పట్టించడానికి లోహం మీద మట్టిలాంటి పొర కప్పడమేంటి, దుప్పటి కప్పి చలివేయమన్నట్టు? నా చదువు ఒప్పుకోలేదు. నా కళ్లు మాత్రం ఆ మూడు గీతలనే చూస్తున్నాయి. ఇంకో సంగతి కూడా మనసులోకి వచ్చింది, దాచను. పని చెడితే పోయేది ఉస్తాద్ పేరు. నాకేం కాదు.

"ఫికర్ జెయ్యకు. పోతె నా పనే పోతది" అన్నాడు ఆయన, నా కడుపులోది చదివినట్టు.

సిగ్గేసింది. "సరె, పూయి" అన్నాను.

పసుపు పిడికెడే ఉంది. చాలదు. గుర్తులు పెట్టే సుద్దముక్కలు దంచి అందులో కలిపాడు. నీళ్లు చిలకరించి పిసికి, ఎండకు బుష్ మీది మంచు కరిగాక వేళ్లతో లోపలి గోడకు పూశాడు. చెయ్యి వణకడం వల్ల ఒకచోట పలచగా, ఒకచోట గరుకుగా, కోడి గీరినట్టు పడింది. బుష్‌ను ఎండలో బోర్లించి ఫ్యాన్ పెట్టాం. ఆరుతున్నంత సేపూ క్యాన్ మూతి నుంచి సన్నగా పొగ పోతూనే ఉంది. మూత ఎంత బిగించినా అది పోతుంది, దాని గుణమే అంత. ఇంజనీరు సారు ఫోన్ మళ్లీ వచ్చింది. బయల్దేరాడట. ఎత్తి "అయితుంది సార్" అన్నాను. చెమటకు ఫోన్ చేతిలోంచి జారింది.

రెండోసారి పిచికారీ వదిలాను. మొదట మళ్లీ అదే, చప్పుడు లేదు, పొగ ఒక్కటే.  అయిపోయింది, ముసలాయన మాట విని ఉన్నది కూడా పోగొట్టాను అనుకున్నాను. అంతలో ఒక్కసారిగా లోపల చిటపటలు మొదలయ్యాయి, మరిగిన నూనెలో పోపు పడ్డట్టు. గోడ పొడుగునా ద్రవం అంటుకుని మరుగుతోంది. చూస్తుండగానే బుష్ బయటి వైపు తెల్లగా మంచు పట్టింది. తుడిచి కొలత పెట్టాను. సరిపోయింది. సరిపోవడమేంటి, కావాల్సిన దానికంటే ఇంకాస్త సన్నబడింది! పుల్ల దింపి చూస్తే క్యాన్‌లో ఇంకా నాలుగు వేళ్ల మందం మిగిలి ఉంది.

"ఎత్తు, ఎత్తు!" అని అరిచాను. గాలికి ప్రతి క్షణం బుష్ మళ్లీ లావెక్కుతుంది. తోలు గ్లౌజులు తొడుక్కుని నేను పట్టుకోబోయాను. ఉస్తాద్ అడ్డం వచ్చాడు.

"నువ్వు గూడు జూడు. నేను దింపుత."

"నీ చేతులు..."

"తెల్సు."

నా గ్లౌజులు లాక్కుని తొడుక్కున్నాడు. ఆ చేతుల వణుకు ఆగలేదు. ఆయన మణికట్లు రెండూ గూటి అంచుకు ఆనించాడు. వణుకు మణికట్ల దగ్గరే ఆగిపోయి వేళ్ల దాకా రాలేదు. బుష్ అంచు రంధ్రం మూతికి తగిలింది.  తల కొంచెం వంచి, చెవితో చూస్తున్నట్టు చూసి, వదిలాడు. ఠంగుమని అడుగుకు దిగింది. అడ్డం లేదు, వంకర లేదు. రెండు నిమిషాల్లో గూడు దాన్ని పట్టేసుకుంది. ఇక ఏనుగు లాగినా రాదు.

ఉస్తాద్ అక్కడే నేల మీద కూలబడి "కూసుంది" అన్నాడు. నేను ఆయన్ను రెండు చేతులా పట్టుకుని ఊపేశాను. నీ చేతులు సల్లగుండ అని గట్టిగా అన్నాను. ఆ నిమిషంలో ఆయన మీద నాకు ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను. మా బాపు మీద కూడా ఎప్పుడూ అంత రాలేదు. ఇదంతా అబద్ధం కాదు. దీని తర్వాత నేను చేసిందీ అంతే నిజం.

సేటూ ఇంజనీరు సారూ కలిసే వచ్చారు. సారు బ్యాటరీ లైటు వేసి లోపల చూశాడు. వేలుతో పసుపు గీరి వాసన చూశాడు. "ఇదేంది?" అన్నాడు. నేను ముందుకొచ్చి చెప్పడం మొదలుపెట్టాను. చుక్కలు, ఆవిరి పొర, గరుకు పూతతో ఆ పొర తొందరగా తెగడం, అన్నీ చెప్పాను. గల్ఫ్‌లో పట్టిన ఇంగ్లిషు ముక్కలు నాలుగు కలిపాను. సారు ముఖం వెలిగిపోయింది. అర క్యాన్‌తో ఇంత పెద్ద బుష్‌ను చల్లార్చడం తానెక్కడా చూడలేదన్నాడు. ఉస్తాద్ అవతల డ్రమ్ము దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు.

"ఎవరి ఆలోచన ఇది?" అన్నాడు సారు, నా కళ్లలోకే చూస్తూ.

"నాదే సార్."

అంతే. రెండు మాటలు. ఆలోచించి అన్నవి కావు. అలాగని ఎవరూ నా గొంతు పట్టి అనిపించలేదు కూడా.

నీళ్ల చప్పుడు ఆగింది. ఉస్తాద్ నా వైపు చూశాడు. నేను పంపు వైపు చూశాను. సారు ఆయన్ను కూడా మర్యాదకు పలకరించాడు, "మరి మీరేం చేసిన్రు పెద్దాయనా?" అని.

"నేనేం జేసిన సార్. పసుపు పిసికిన."

సేటు పకపకా నవ్వాడు. "సూసినవా ఉస్తాద్, జమానా మారింది. ఇగ నువ్వు ఇంటికాడ ఆరాంగ ఉండు. పోరడు అంత సూసుకుంటడు." బుష్ కూర్చుంటే పనికి రమ్మన్నాడు కదా సేటు. బుష్ కూర్చుంది. కూర్చోబెట్టింది మాత్రం నేనని సేటు లెక్క, ఆ లెక్క తప్పని చెప్పగలిగిన ఇద్దరిలో ఒకడు టిఫిన్ డబ్బా సర్దుకుంటున్నాడు, ఇంకొకడు నోరు మూసుకుని నిలబడ్డాడు. కోపమొస్తే బొగ్గు లారీలా అడ్డూ ఆపూ లేకుండా పోయే నా నోరు, ఆ పూట ఒక్క మాట కోసం తెరుచుకోలేదు. ఆయన సైకిల్ తీసుకుని వెళ్లిపోయాడు.

మూడో రోజు సేటుకు నిజం చెప్పాను. రెండు రాత్రులు నిద్ర లేదు. ఆయన చాయ్ ఊదుకుంటూ విన్నాడు.

"ఎవలిదైతేంది? పంపు నడుస్తుంది గద. గాయినె చెయ్యి వణుకుడు ఆగిందా చెప్పు?"

"గా వణికే చేతులే దింపినయ్ సేట్!"

"గది గప్పుడు జెప్తె సారు ముంగట వేరే ముచ్చట. గిప్పుడు హెడ్ నువ్వు. పని జూడుపో."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. అరిచాను, సేటు గది తలుపు విసిరికొట్టాను, సాయంత్రానికి మళ్లీ పని చూసుకున్నాను. మా ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. ఆదివారం చర్చిలో కళ్లు మూసుకుంటే చిటపటలే వినబడ్డాయి. ఆరాధన అవగానే బండి తీసి నేరుగా ఉస్తాద్ ఇంటికి పోయాను.

ఆయన గోడ వైపు తిరిగి మంచం మీద పడుకుని ఉన్నాడు. లేవలేదు. ఆయన భార్యను నేను పెద్దవ్వా అంటాను. ఆమె మాత్రం ఎప్పటిలాగే "రా కొడుకా" అని పీట వేసి, వద్దంటున్నా కంచంలో అన్నం పెట్టింది. పప్పు గంటె చేతిలో పట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. గొంతు తగ్గించి అడిగింది.

"గా బుష్ ఏమైంది కొడుకా? ఈయినె చేతులల్లనే పాడైందట గద. మల్ల ఏరేది పెట్టిన్రా, లేకపోతె పాపం గా ఊరోళ్ల వరి ఎండిపోయిందా?"

కలిపిన ముద్ద మళ్లీ కంచంలో పెట్టేశాను. నా పేరు ఎత్తకుండా ఇంట్లో ఆయన చెప్పుకున్నది అదన్నమాట.

"పాడు కాలే పెద్దవ్వా. సక్కగ కూసుంది. పంపు నడుస్తుంది, వరికి నీళ్లు వోతున్నయ్. పసుపు పూద్దామన్నది ఉస్తాదే, దింపింది ఉస్తాదే. నేనే సార్ ముంగట నాదని జెప్పిన."

మంచం మీద నుంచి, గోడ వైపు నుంచే, ఆయన గొంతు వచ్చింది. "గా నోరు గా దినం ఏడవోయింది?"

పెద్దవ్వ కాసేపు మంచం వైపు, కాసేపు నా వైపు చూసింది. "వారం సంది నేను గీ మనిషిని తిడుతున్న" అంది. "నీ చేతులు పడిపోను, ఊరోళ్ల నోట్లె మట్టిగొట్టినవని పొద్దుమాపు తిడుతున్న. ఒక్క మాట మాట్లాడలే."

నా కంచంలో అన్నం అట్లాగే ఉంది. ఆమె గంటెను గిన్నెలో వేసి, పప్పు పోయకుండానే లేచి లోపలికి పోయింది.